చార్‌మినార్ ద్వారంలోని అక్షరం: పాత నాణేల ఆన్‌లైన్ అమ్మకంపై ఒక కేస్ స్టడీ

ఈ కేసులో కొన్నవాళ్లు చేసిన తప్పులకంటే నేను చేసినవే ఎక్కువ. అందుకే రాసిపెడుతున్నాను. నాణేలు తెచ్చిన కుటుంబం ఒప్పుకుంది. ఊరి పేరు చెప్పడం లేదు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను.

హన్మకొండలో కూర్చుని పాత నాణేలను కమిషన్ మీద ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టడం నా పని. నాణెం వాళ్లది, జీఎస్టీ నమోదు ఉన్న అమ్మకపు ఖాతా నాది. అమ్ముడైతే వందకు పన్నెండు రూపాయలు నాకు.

పెట్టె వచ్చిన రోజు

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ముగ్గురు వచ్చారు. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే కోడలు, ఆమె అత్తగారు, ఇంజనీరింగ్‌లో చేరబోతున్న కొడుకు. కిరాణా కొట్టు నడిపిన మామగారు పోయాక అటక మీద దొరికిన ఇనుప పెట్టెను మనవడు రెండు చేతులతో మోసుకొచ్చాడు. కాలేజీ ఫీజు కట్టాలి, అదీ విషయం.

పెట్టెలో 118 బిళ్లలు. రూపాయలు 46. అందులో నిజాం కాలపు చార్‌మినార్ రూపాయలు 28, బ్రిటిష్ ఇండియా రూపాయలు 18. మన వైపు పెద్దవాళ్లు మొదటివాటిని హాలీ సిక్కా అనీ, రెండోవాటిని కల్దారు అనీ ఇప్పటికీ అంటారు. హైదరాబాద్ రాజ్యం పోయాక కూడా 1959 వరకు రెండూ చెల్లాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు లెక్క. అత్తగారికి ఆ లెక్క నోటికి వచ్చు. చిన్నప్పుడు కొట్టుకు పంపితే తప్పు లెక్కతో వచ్చి దెబ్బలు తిన్నారట.

మిగతావాటిలో 58 రాగి, కంచు చిల్లర. 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లుకాణీలు దోసెడు ఉన్నాయి. అవి ఇప్పటికీ చిల్లుకాణీ విలువే చేస్తాయి, లెక్కకు మించి దొరుకుతాయి కాబట్టి. రాముడి పేరున ఇళ్లలో ఉంచుకునే ఒక రామ టంకా. మూడు కొత్త ఐదు రూపాయల బిళ్లలు. గుడ్డలో మూటకట్టిన పది చిన్న, మట్టి పట్టిన నాణేలు.

అసలు ఎందుకు వచ్చారు

ఆ మూడు ఐదు రూపాయల బిళ్లల వల్లనే. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాటి నాణేలు అవి. ఆలయ బోర్డు రజతోత్సవానికి ప్రభుత్వం చలామణీకి విడుదల చేసినవి, ఇప్పటికీ చిల్లరలో కనిపిస్తాయి. ఒక్కొక్కదానికి పది లక్షలు వస్తాయని ఎవరో చేసిన వీడియో చూసి మనవడు ఒక యాప్‌లో ప్రకటన పెట్టాడు. గంటలో ఫోను. రిజర్వు బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామన్నారు, ముద్ర ఉన్న కాగితం పంపారు. నమోదు రుసుము 2,100 కట్టించుకున్నారు. తర్వాత పన్ను పేరుతో 9,500. మూడోసారి 18,000 అడిగేసరికి తల్లికి అనుమానం వచ్చింది.

ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. పాత నాణేల, నోట్ల అమ్మకాల్లో తాము లేమనీ, ఎవరి దగ్గరా రుసుము గానీ కమిషన్ గానీ అడగబోమనీ అందులో ఉంది. నేను ముందు పెట్టె తెరవలేదు. అబ్బాయి చేత సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేయించి ఫిర్యాదు నమోదు చేయించాను. అప్పటికి పదకొండు రోజులు గడిచాయి. ఆ 11,600లో రూపాయి కూడా వెనక్కి రాలేదు.

దీని ప్రభావం తర్వాత ప్రతి నిర్ణయం మీదా పడింది. ఒకసారి మోసపోయిన ఇల్లు తొందరగా డబ్బు చూడాలనుకుంటుంది. వాళ్ల తొందర నాకూ అంటుకుంది.

వడపోత

మొదట అయస్కాంతం తీశాను. కల్దార్ల మీద జరుపుతుంటే రెండు ఎగిరి అతుక్కున్నాయి. అత్తగారి ముఖం వాడిపోయింది. "దొంగవా బిడ్డా?" అన్నారు. దొంగవి కాదు. 1947 రూపాయి వెండిది కాదు, నికెల్. నికెల్‌ను అయస్కాంతం లాగుతుంది. అచ్చమైన ప్రభుత్వ నాణెమే, వెండి ధర మాత్రం రాదు.

తర్వాత తూకం. కల్దారు 11.66 గ్రాములు ఉండాలి. 1939 దాకా వచ్చినవాటిలో వందకు 91.7 పాళ్లు వెండి, అంటే 10.69 గ్రాములు. 1940 నుంచి సగమే వెండి. చార్‌మినార్ రూపాయి 11.18 గ్రాములు, 1940లలోని చివరి అచ్చులు తప్ప మిగతావాటిలో 81.8 పాళ్లు, అంటే తొమ్మిది గ్రాముల పైచిలుకు వెండి. ఈ లెక్క ముందే చేసుకోవాలి. ఎంత దిగజారినా ఏ బిళ్లా దాని వెండి ధరకు తగ్గకూడదు కదా. పై ధర ఎంతో చెప్పడం కష్టం, కింది ధరను తరాజు చెబుతుంది.

కోడలు పంది రూపాయి ఉందా అని అడిగారు, ఎక్కడో చదివారట. 1911లో ఐదో జార్జి రూపాయి మీద రాజు వస్త్రంపై ఉన్న ఏనుగు పందిలా కనబడుతోందని గొడవై, వాటిని వెనక్కి తీసుకుని, మరుసటి ఏడాది ఏనుగును సరిదిద్దారు. మన పెట్టెలో ఉన్న జార్జి బిళ్లలన్నీ 1912 తర్వాతివే. 1911 ఉన్నా నేను మొదట అనుమానించేవాణ్ణి, ఆ సంవత్సరానికి నకిలీలు ఎక్కువ.

28 చార్‌మినార్లలో ఏడింటి అంచున టంకం మచ్చ ఉంది. ఒకప్పుడు దండలో గుచ్చినవి, కొక్కెం ఊడదీశారు. ఎనిమిది పూజగదిలోవి. ప్రతి దీపావళికీ చింతపండుతో తోమి లక్ష్మీపూజలో పెట్టినవి, అద్దంలా మెరుస్తున్నాయి. కల్దార్లలోనూ అలాంటివి నాలుగున్నాయి. సేకర్తలు మెరుపును కోరుకోరు. ఏళ్ల తరబడి వెండి మీద పట్టిన నల్లని, నీలపు పొరను టోనింగ్ అంటారు, అది పోతే నాణెం చర్మం ఒలిచినట్టే. మిగిలిన చార్‌మినార్లలో పన్నెండు చక్కగా నల్లబడి ఉన్నాయి.

ఇక ఒకటి. ఈ రూపాయల మీద ఉన్న చార్‌మినార్ బొమ్మ ద్వారంలో ఒక పారసీ అక్షరం ఉంటుంది. మీర్ మహబూబ్ అలీ ఖాన్ నాణేల మీద మీమ్, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాణేల మీద ఐన్, ఎవరి పేరులోని తొలి అక్షరం వారిది. ఉస్మాన్ అలీ ఖాన్ ముస్లిం పంచాంగం హిజ్రీ ప్రకారం 1329లో, అంటే 1911లో, గద్దెనెక్కాక వచ్చిన తొలి అచ్చులో ఆ ఐన్ కురచగా ఉంటుంది. ఆ తర్వాత తోక కిందికి వంపు తిరిగిన పూర్తి ఐన్ వచ్చింది. కురచది అరుదు. ఈ పెట్టెలో ఒక్కటే ఉంది. అబ్బాయి చుట్టూ ఉన్న పారసీ రాతలో 92 అంకెను చూసి అదే సంవత్సరం అనుకున్నాడు. అది ముహమ్మద్ పేరులోని అక్షరాలకు విలువ కట్టి కూడితే వచ్చే సంఖ్య, తారీఖు కాదు.

అమ్మకానికి పెట్టనివి

రామ టంకా మీద ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం ఉన్నాయి. కంపెనీ అలాంటి నాణెం వేయలేదు. ఇలాంటి బిళ్ల బియ్యం గింజలను లాగుతుందని చెప్పి మన జిల్లాల్లో ఇళ్లు గుల్ల చేసినవాళ్లు ఉన్నారు. పూజ బిళ్లగా ఇంట్లో ఉంచుకొమ్మన్నాను.

గుడ్డమూటలోని పది నాణేల దగ్గర మాత్రం ఆగాను. గోదావరి ఒడ్డున చెలకలో నాగలికి తగిలాయని తాతగారు చెప్పేవారట. కోటిలింగాల, పెద్దబంకూరు ఉన్న నేల ఇది. శాతవాహనుల కాలపు నాణేలు మట్టిలోంచి తేలే చోటు. భూమిలో దొరికిన నిక్షేపం విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతుంది. ఆ పది రూపాయల హద్దు ఇప్పుడు నవ్వు తెప్పించవచ్చు, చట్టం మాత్రం అలాగే ఉంది. ఫోటో కూడా తీయకుండా అర్జీ రాయించాను. ఇచ్చి రసీదు తెచ్చుకున్నారు. కోడలికి నచ్చలేదు. "అన్నా, అవే ఎక్కువ ధర పలికేవేమో" అన్నారు. పలికేవేమో.

మొదటి ప్రయత్నం, మొదటి దెబ్బ

తొందర పనిచేసింది ఇక్కడే. నల్లని పన్నెండు, పూజగది ఎనిమిది, మొత్తం ఇరవై చార్‌మినార్లను ఒకే మూటగా ఒక మార్కెట్ యాప్‌లో పెట్టాను. ఒక్కో బిళ్లకు వేరే ప్రకటన రాస్తే ఇరవై రోజులు పడుతుంది, మూటగా అయితే ఒక రోజు. తెల్లకాగితం మీద పరిచి, గుండ్రని దీపం పెట్టి ఫోటో తీశాను. తళతళలాడుతూ వచ్చింది. ఆ వెలుతురులో తోమినవీ తోమనివీ తేడా కనబడలేదు. నాకు ఆ సంగతి తెలుసు. కనబడకపోవడం అప్పుడు మంచిదే అనిపించింది, ఒప్పుకుంటున్నాను.

రెండు రోజుల్లో అమ్ముడుపోయాయి, తొమ్మిదో రోజు తిరిగొచ్చాయి. "ఎనిమిది తోమినవి, చెప్పలేదు" అని కారణం రాశారు. ఆ మనిషి అన్నది నిజం. రానూపోనూ తపాలా ఖర్చు నాది.

ఆ తర్వాత ఒక ఫోను బృందంలో వేలం పెట్టాను. రెండే నంబర్లు ఒకరి మీద ఒకరు పాడుకుంటూ పోయాయి, గెలిచినవాడు డబ్బు పంపలేదు. వేరొకడు కొంటానంటూ క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందన్నాడు. పిన్ కొడితే మన డబ్బు పోతుందే తప్ప రాదు. ఆ దారి అక్కడితో వదిలేశాను.

ఐన్ పోయింది

కురచ ఐన్ బిళ్లను మార్కెట్ యాప్‌లో విడిగా పెట్టాను. ధర తొమ్మిది వేలు. నాకు తెలిసిన సేకర్తలు ఒక్క చూపులో గుర్తుపడతారన్న ధీమాతో వివరణలో "హైదరాబాద్ చార్‌మినార్ వెండి రూపాయి, తొలి సంవత్సరం" అని మాత్రమే రాశాను. తూకం రాయలేదు, అక్షరం గురించి రాయలేదు. ఫోటో మళ్లీ ఆ గుండ్రని దీపం కిందే తీశాను. వెలుగు సరిగ్గా ద్వారం మీద పడి, అక్షరం తెల్లబారిపోయింది.

అమ్ముడైంది. ఆరో రోజు "వివరణకు తగినట్టు లేదు" అని తిప్పి పంపారు. పొట్లం విప్పితే చార్‌మినార్ రూపాయే ఉంది, నాది కాదు. హిజ్రీ 1337, పూర్తి ఐన్, బాగా అరిగింది. యాప్‌వాళ్లకు ఫిర్యాదు పెట్టాను. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి, బాణం గీసి పంపాను. జవాబు వచ్చింది: రెండు చిత్రాల్లోనూ ఒకే కట్టడం ఉంది, వస్తువు ఒకటే. మళ్లీ రాశాను, మళ్లీ అదే జవాబు.

చాలా రోజులు వాళ్ల మీద కోపంతో ఉన్నాను. తర్వాత వాళ్ల స్థానంలో కూర్చుని నా ప్రకటన చూశాను. పారసీ అంకెలు చదవడం రాని మనిషికి అందులో ఒక చార్‌మినార్, తిరిగి వచ్చినదాంట్లో ఒక చార్‌మినార్. తేడా తేల్చే ఒక్క ముక్క కూడా నేను ఇవ్వలేదు. అంగట్లో అయితే కొనేవాడు బిళ్లను వేలితో తిప్పుతాడు, అంచు తడుముతాడు, రాయి మీద కొట్టి మోత వింటాడు. ఆన్‌లైన్‌లో ఆ చేయి లేదు. ఆ చేయి చేసే పని అంతా ఫోటో, రాత చేయాలి. నేను వాటిని పెళ్లిచూపుల ఫోటోలా వాడాను. మొటిమలు పోయాయి, గుర్తులూ పోయాయి. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా నాకు సాక్ష్యం అయ్యేది.

నష్టం ఎవరిది అన్నది ఇంకో ప్రశ్న. నాణెం ఆ కుటుంబానిది, మోసం మూడో మనిషిది. కానీ బిళ్ల నా సంరక్షణలో ఉండగా, నా రాత లోపం వల్ల పోయింది. కమిషన్ పోను వాళ్లకు రావలసిన 7,920 నా జేబు నుంచి ఇచ్చాను. కోడలు తీసుకోనన్నారు. "చెల్లెమ్మా, ఇది తీసుకోకపోతే మిగతావి నేను అమ్మలేను" అన్నాను. అది మర్యాద కోసం అన్న మాట కాదు. ఆ బరువుతో పని సాగదు.

పనిచేసినది

దీపం తీసేశాను. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య తూర్పు కిటికీ నుంచి ఏటవాలుగా వచ్చే వెలుతురులో, నల్లగుడ్డ మీద పెట్టి తీయడం మొదలుపెట్టాను. ఏటవాలు వెలుతురులో ప్రతి గీతా నీడ వేస్తుంది. షరాబులు ఒకప్పుడు వెండి పరీక్షించడానికి కొట్టిన చిన్న గాట్లు కూడా లేచి కనబడతాయి. ముందు, వెనక, అంచు, తరాజు మీద గ్రాముల అంకెతో సహా నాణెం. ఒక్కో బిళ్లకు నాలుగు ఫోటోలు.

రాతలో క్రమం తిరగేశాను. లోపం మొదటి వాక్యంలో. ఉదాహరణకు ఒక ప్రకటన ఇలా మొదలైంది: "చార్‌మినార్ పై కుడి మినారు పక్కన గాటు ఉంది. అంచున రెండు చోట్ల నొక్కులు. తోమలేదు. తూకం 11.09 గ్రాములు. సంవత్సరం హిజ్రీ 1340. ద్వారంలో పూర్తి ఐన్, తోక కిందికి ఉంది." సేకర్తకు చివరి రెండు వాక్యాలు అక్కర్లేదు. రేపు తగువు తీర్చే మనిషికి అవే కావాలి. నాణేల గురించి ఏమీ తెలియని మా తమ్ముడికి రెండు బిళ్లలిచ్చి, నా రాత చదివి ఏది ఏదో చెప్పమనేవాణ్ణి. అతను తడబడితే మళ్లీ రాసేవాణ్ణి.

ధర విషయంలో, ఇతరులు అడుగుతున్న ధరలు చూడటం మానేశాను. అడగడానికి ఖర్చేముంది? అమ్ముడైపోయిన ధరలు, వేలాల్లో నిజంగా పలికిన ధరలు మాత్రమే రాసుకుని, వాటి మధ్యస్థం దగ్గర మొదలుపెట్టాను.

పన్నెండు నల్ల బిళ్లలూ విడివిడిగా నాలుగు నెలల్లో పోయాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. ఇరవైని మూటగా పెట్టినప్పుడు ఒక్కో బిళ్లకు పడిన ధరకంటే ఇవి ఎక్కువే పలికాయి. గాట్లున్న మూడింటిని ఒకే సేకర్త కొన్నారు, షరాబు గుర్తులే ఆయన సేకరణ అట. అలాంటి సేకరణ ఒకటి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంకా ఆశ్చర్యం టంకం బిళ్లలది. సేకర్తలకు పనికిరావని వెండి ధరకే కరిగించడానికి ఇచ్చేద్దామనుకున్నాను. కోడలే ఆపారు. వాళ్ల బడిలో లంబాడా పిల్లలు ఎక్కువ, వాళ్ల నానమ్మల మెడల్లో రూపాయల దండలు చూసిన మనిషి ఆమె. "దండ వేసుకునేవాళ్లకు మచ్చ ఉన్నదే పనికొస్తుందేమో అన్నా" అన్నారు. పాత పద్ధతి నగలు చేసేవాళ్ల కోసమని రాసి, టంకం మచ్చల దగ్గరి ఫోటోలు పెట్టాను. ఏడూ వారంలో ఒకరే తీసుకున్నారు, కొక్కెం మళ్లీ అక్కడే పెట్టవచ్చట. వెండి ధర మీద మూడో వంతు అదనంగా వచ్చింది.

పంపించడం గురించి కొంచెం. చాలా కొరియర్లు నాణేలు, విలువైన లోహాలు తీసుకోవు. తీసుకున్నా పోతే పూచీ ఉండదు. బీమా చేసిన స్పీడ్ పోస్టునే వాడాను. పీవీసీ తొడుగులు వాడకూడదు, వాటితో వెండి మీద పచ్చని జిగురు పడుతుంది. అట్టచట్రంలో పెట్టి, రెండు అట్టల మధ్య కదలకుండా బిగించి, అతుకు మీద అడ్డంగా సంతకం చేసి, తూకం నుంచి ముద్ర దాకా కత్తిరింపు లేని వీడియో తీశాను. విప్పేటప్పుడు మీరూ వీడియో తీయండి, లేకపోతే వాపసు ఉండదని ముందే రాశాను. ఆ షరతు చదివి ఇద్దరు వెనక్కి తగ్గారు. పోనీ అనుకున్నాను.

గల్ఫ్‌లో పనిచేసే జగిత్యాల వైపు మనిషి ఒకరు నాలుగు బిళ్లలు కొని, అక్కడికి తిరిగెళ్తున్న మిత్రుడి సూట్‌కేసులో పంపమన్నారు. అందులో రెండు హిజ్రీ 1331, 1333 నాటివి. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, మామూలు మనిషి దేశం దాటించకూడదు. సూట్‌కేసులో దొరికితే చిక్కు ఆ మిత్రుడిది, అమ్మిన నాదీ. జగిత్యాలలో ఆయన తల్లిగారి చిరునామాకు పంపాను. ఆమె వీడియో తీయించి పంపారు, పక్కన మనవరాలు చార్‌మినార్‌ను ఫోనులో వెతికి పోల్చుతోంది.

కల్దార్లు పన్నెండు అమ్ముడయ్యాయి, 1940 తర్వాతివి వెండి ధర దగ్గర్లోనే. చిల్లర అంతా కలిపి ఒక పాఠశాల నాణేల ప్రదర్శనకు నామమాత్రపు ధరకు ఇచ్చాం. మొత్తం మీద చేతికి వచ్చింది ఏడాది ఫీజులో సగానికి కొంచెం పైన. వీడియోలో చెప్పిన పది లక్షలు విని వచ్చిన ఇంటికి అది చిన్న మొత్తమే. అబ్బాయి లెక్క చూసి, మోసపోయిన 11,600 తీసేసి మళ్లీ కూడాడు, తల్లికి చూపించలేదు.

ఇప్పుడు ఎవరు పెట్టె తెచ్చినా ఆ హిజ్రీ 1337 బిళ్లను ముందు బల్ల మీద పెట్టి, ద్వారంలో ఏముందో చూసి చెప్పమంటాను. చాలామంది భూతద్దం అడుగుతారు.

చివరి లెక్క రోజు అత్తగారు పూజగది బిళ్లలు పన్నెండూ వెనక్కి అడిగారు. నేను అమ్మలేకపోయానని కాదట, దీపావళికి కావాలట. కొంగులో ముడివేసుకుంటూ అడిగారు: "బిడ్డా, ఇక వీటిని చింతపండుతో కడగవచ్చు కదా?"

కడగండమ్మా అన్నాను.